నాలుగు నిమిషాలు

ఆరు సెకన్ల పరుగు.
తర్వాత నాలుగు నిమిషాలు ఊరికే నిలబడాలి.
ఇదొక్కటే రాదు నూకరత్నానికి.

తెల్లారి ఐదు. లాసన్స్ బే ఇసుక.
నడుముకి తాడు, తాడు చివర
పోర్టు లారీ అరగదీసి వదిలేసిన టైరు,
టైరులో రెండు రాళ్ళు.
విజిల్ పడగానే పిల్ల పరిగెత్తదు,
బిగలాగిన మోకు తెగినట్టు
తెగుతుంది.

పెదజాలరిపేట పిల్ల.
వాళ్ళ వీధిలో ఊరికే నిలబడ్డ మనిషిని
నేనింతవరకూ చూళ్ళేదు.
అమ్మ మరిడమ్మ, బస్సు అరగంట రాకపోయినా
నెత్తిమీద తట్ట దించదు.

"కాళీగా నిల్చుంటే సిగ్గుగుంటాది మేస్టారూ,
ఇంకోటి లాగీమంటారా?"

వద్దంటాను.
బలం వేరు, బలం రావడంలో తొందర వేరు.
అలసిన కండ ఓర్పు నేర్చుకుంటుంది గానీ
మెరుపు నేర్చుకోదు.
ఈ ముక్క నా పందొమ్మిదో ఏట
నాకెవరూ చెప్పలేదు.
నా ఎడమ మోకాలు మాత్రం
ముసురు పట్టినప్పుడల్లా చెబుతుంది.

మంగళ, శుక్రవారాలు గెంతులు.
చేపల రేవులో అడిగి తెచ్చిన నీలం ట్రేలు,
ఎంత కడిగినా పోని నీచు వాసన.
ఎక్కు, దిగు, దిగీదిగగానే లే.
ఇసుక మీద కాదు, గట్టి నేల మీద.
ఇసుక మనమిచ్చిందంతా మింగేస్తుంది.
గట్టి నేల అప్పటికప్పుడే తిరిగిచ్చేస్తుంది,
అందుకునే పాదం ఉండాలి.
కళ్ళు మూసుకుని వింటాను.
ధబ్బుమంటే ఆలస్యం.
టప్పుమంటే, ఆ, అదీ.

మొన్న నాలుగో పరుగు అయ్యాక
ఒడ్డు వెంట మరిడమ్మ వచ్చింది, తట్ట నిండా కానాగంతలు.
"ఏటే, ఉత్తినే నిలబడ్డావు?"

పిల్ల నావైపు చూడలేదు.
నడుం మీద చేతులు తియ్యలేదు.
"పని సేత్తన్నానమ్మా."

మరిడమ్మ నన్ను చూసింది, టైరును చూసింది,
సముద్రంలో ఏముందోనని అటూ చూసింది.
"ఎంతసేపు?"
"ఇంకా రెండు నిమిషాలు."

విజిల్.
టైరు ఎగిరిపడింది. ఒక రాయి జారి
ఇసుకలో దొర్లింది.
మరిడమ్మ వంగలేదు. ముందు తట్ట దించింది,
తర్వాత వంగింది.
రాయిని అరచేతిలో చేపలా తూచి
"రెండు కేజీలుంటాది" అంది.
సరిగ్గా రెండే.

"మళ్ళీ ఎప్పుడు లాగుతాది?"
"నాలుగు నిమిషాలు."

తట్ట పక్కనే
ఇసుకలో
కూర్చుంది.