ఏడో స్తంభం పైన

ఈ వల కుట్టేది నేనే.
వంద అడుగుల ఎత్తు, ఆకుపచ్చ నైలాను.
కితాక్యూషు పొగగొట్టాల వెనక, కొండవాలుకి ఆనించి కట్టిన
గోల్ఫ్ ప్రాక్టీసు మైదానం మాది.
మైదానమంటే పెద్దమాట,
స్తంభాల మధ్య బిగించిన గాలి ముక్క.

సోమవారాలు చక్రం తిప్పి వలను కిందికి దించి
ఎక్కడెక్కడ కన్ను తెగిందో చూస్తాను.
చిరుగుని బట్టి మనిషిని చెప్పగలను.
కుడివైపు కింద గుత్తులు గుత్తులుగా ఉంటే బ్యాంకు కుర్రాళ్లు,
బీరు తాగి వచ్చి కొట్టేవాళ్లు.
నాలుగో స్తంభం పక్కన ఒక్క వరసలో ఉంటే
పళ్ల డాక్టరు ఇగరాషి గారు. కొట్టినా కుట్టినట్టే ఉంటుంది.
ఏడో స్తంభం పైన, పై తాడుకి బారెడు దిగువన,
తొకుమారు గారి చోటు.
ఒకప్పుడు నెలకోసారి అక్కడ నా సూదికి పని పడేది.

రెండేళ్లుగా అక్కడ పాత దారమే.
ఎండకి తెల్లబడిపోయింది.

ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్లు క్రేను నడిపిన మనిషి.
భుజానికి కోత పడి, మానింది.
మానాక వచ్చి కొడితే బంతి వల దాకా పోలేదు.
గడ్డిమీద పడి, దొర్లుకుంటూ వచ్చి
వల పాదాల దగ్గర ఆగింది, తప్పు చేసిన పిల్లిలా.

కొత్త కర్ర కొన్నాడు. ఆపైన ఇంకోటి.
ఇసుక మూటలు ఎత్తాడు.
పళ్లు బిగించి కొట్టాడు, గొంతులోంచి మూలుగు వచ్చేట్టు.
మూలుగు పెరిగింది,
గజాలు తగ్గాయి.
ముప్పై గజాలు, అన్నాడోసారి టీ మిషను దగ్గర,
ఎవరో అప్పు తీసుకుని ఊరొదిలి పోయినట్టు.

నాకు ఆట తెలీదు.

మొన్న తుఫాను వెళ్లాక
వల చుట్టను తాడుకట్టి పైకి లాగుతున్నాను.
సగం ఎత్తులో ఊగడం మొదలెట్టింది.
ఇటు వస్తే అటు లాగాను, అటు పోతే ఇటు.
అరచేతులు కాలాయి.
"లాగకండి నోజిరి గారూ,"
వెనకనుంచి వచ్చి తాడు అందుకున్నాడు.
"వేలాడే బరువుతో పోట్లాడకూడదు.
అది పోయేవైపు మీరూ కాస్త పోవాలి.
చివరంటా పోయి ఒక్క రెప్పపాటు నిలబడుతుంది.
అదుగో, ఇప్పుడు బరువుండదు.
తొందరపడకుండా అప్పుడు..."

మాట అక్కడ ఆగింది.
చుట్ట ఆగింది.
తాడు పట్టుకుని నిలబడే ఉన్నాడు,
తన జేబులోనే తన తాళంచెవి
దొరికినవాడిలా.

ఆ రాత్రి సన్నగా జల్లు.
పంతొమ్మిదో గడిలో ఒక్కడే.
చాపలోంచి బంతి దానంతటదే మొలిచి నిలబడింది.
అతను దాన్ని ముట్టుకోలేదు.
పక్కకి జరిగి ఉత్త గాలిని ఊపాడు,
పదిసార్లో, పాతికసార్లో.
కర్ర పైకి వెళ్లి, అక్కడ ఒక్క రవ్వ నిలబడి,
తనంత తాను కిందికి రావడం
రేకుల కింద కూర్చుని చూశాను.
మూలుగు లేదు.

ముడి మరీ బిగిస్తే పక్క దారం తెగుతుంది,
వదిలితే జారుతుంది.
పట్టూ విడుపూ అని మా అమ్మ వేళ్లకి తెలిసినదాన్ని
నేను ఇన్నాళ్లూ దారానికి మాత్రమే అనుకున్నాను.

చివరికి బంతి దగ్గరికి వచ్చాడు.
చప్పుడు చిన్నదే.
దీపాల వెలుగు దాటాక బంతి నాకు కనపడలేదు,
ఈ కళ్లకి అంత దూరం లేదు.
కానీ వల నిండా వాన చినుకులు
కన్నుకో చుక్క చొప్పున వేలాడుతున్నాయా,
ఏడో స్తంభం దగ్గర
ఒక్కచోట మాత్రం జలజలా రాలాయి.

పాత చోటు కాదు.
దానికి రెండు బారల కింద.

ఆయన అటే చూశాడు,
నేనూ చూశాను.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.
చాపలోంచి ఇంకో బంతి మొలిచింది.

నేను లోపలికి వెళ్లి
ఆకుపచ్చ దారం ఉందో లేదో
డబ్బాలో వెతికాను.