పదివేల చుట్లు

కొనేముందు చెవి ఆనించి వినమన్నాడు అన్సెల్మో.
"పుచ్చకాయని తట్టినట్టు కాదు,
తిరుగుతున్నప్పుడు వినాలి."

బ్యూనస్ ఐరిస్, వార్నెస్ వీధి,
కారు విడిభాగాల కొట్టు వెనక గది. జూలై చలి.
బల్ల మీద దుప్పటి, దాని మీద
బజారులో చేపల్లా ఆరు స్కజీ డిస్కులు.
కొత్తవైతే ఒక్కోటి నా మూడు నెలల అద్దె.
డాలరుకి మూడున్నర పెసోలైన ఆ ఏడు
కొత్తది అన్న మాటే నోట్లోంచి తీసేశాం.

"ఎక్కడివి?"
"బ్యాంకువి. పద్దెనిమిదేళ్ళు
ఆ చల్లగదిలో రాత్రి కాపలా నాదే.
పీకేసినప్పుడు బాకీ జీతం ఇదిగో, ఇలా ఇచ్చారు."

ఒకటి కీచుమంది.
ఒకటి టిక్కు, టిక్కు, టిక్కు.
పోయే ముందరి ఎక్కిళ్ళవి, వద్దు.
మూడోది లేచింది,
ఎక్కడో దూరాన విమానం ఎత్తు అందుకున్నట్టు
సన్నగా, నిలకడగా, నిమిషానికి పదివేల చుట్లు.
నాలుగోదీ అంతే.
ఆ రెండూ ఇమ్మన్నాను.

సగం ధర పతకోన్ నోట్లలో,
మిగతా సగానికి మా అత్త కాచిన
మెంబ్రిజో పళ్ళ పాకం నాలుగు సీసాలు,
వాళ్ళావిడ కుట్టుమిషను మోటారు చూస్తానన్న మాట.
ఎనభై కాళ్ళ మూతిని
అరవై ఎనిమిది కాళ్ళ కేబులుకి కలిపే
చిన్న పచ్చ పలకలు రెండు, కొసరు.
అవి లేకపోతే ఈ చవకంతా దండగే.
ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

ఇంటికొచ్చి పట్టకారు కొనతో
బియ్యపు గింజంత జంపర్లు.
ఏడో నంబరు కార్డుది, అది మోతుబరి.
ఒకదానికి సున్నా, ఇంకోదానికి ఒకటి.
ఇద్దరికీ ఒకటే పెట్టావో, పిలిస్తే
ఇద్దరూ పలుకుతారు, లేదా ఎవరూ పలకరు.
కేబులు చివర టెర్మినేటరు.
అది లేదనుకో, పంపిన మాట చివరికంటా వెళ్ళి
గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి
వచ్చే మాటకి అడ్డం పడుతుంది.
మా ఇంట్లో పోట్లాటలన్నీ ఈ బాపతే.

స్విచ్చి వేశాను. గదంతా గుప్పున ఆరిపోయింది.
అన్సెల్మో ఫోనులో నవ్వాడు:
"రెండూ ఒక్కసారి లేవబోతే నీ పవర్ సప్లై ఏం తట్టుకుంటుంది?
ఒకటి లేచాక ఒకటి లేపు,
చంటిపిల్లలున్న ఇంట్లోలాగ."
మళ్ళీ పట్టకారు, మళ్ళీ బియ్యపు గింజ.

గంటకే అట్లపెనం. చెయ్యి ఆనలేదు.
పాత ఫియట్ హీటరులోంచి పీకిన ఫ్యాను,
పన్నెండు వోల్టులది, తాడుతో కట్టాను.

ఇక ఫార్మాటు.
"నేను తుడిచే ఇచ్చాను. అయినా నువ్వూ ఓసారి తుడువు."
తెర మీద శాతాలు నత్తనడక.
మూడు శాతం దగ్గర అక్క ఎర్సీలియా వచ్చింది.
డిస్కు పక్కన సగం చిరిగిన స్టిక్కరు.
నేను చెప్పలేదు, తనే చూసింది,
డిసెంబరులో తన పొదుపంతా గడ్డకట్టించిన బ్యాంకు పేరు.

"నా పదకొండు వేలు ఇందులో ఉన్నాయా?"
"డబ్బుండదక్కా. అంకెలు ఉండి ఉంటాయి."
"నా దగ్గర మిగిలినవీ అంకెలేగా," అంది.
మాతే కాచుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది.
జాగారం అననులే, అంత భక్తేం లేదు.
నూరు అయ్యేదాకా మాత్రం లేవలేదు.

తెల్లారి టేపులు ఎక్కించాను.
ఎండాకాలపు రాత్రులు, బ్యాంకుల ఇనప తలుపుల ముందు
గరిటెలతో గిన్నెలు బాదిన జనం,
పదహారు ట్రాకులు.
పాత డిస్కు అంతా ఒక్కసారి మొయ్యలేక
నాలుగో నిమిషానికి నత్తి పడేది.
ఇప్పుడు మోత ఎక్కడా తెగలేదు.
సగం ఒకదాని మీద, సగం ఇంకోదాని మీద.
ఒకటి పోతే రెండూ పోయినట్టే. తెలుసు.
రెండో కాపీకి డబ్బుల్లేవు, అదీ తెలుసు.

పదకొండో ట్రాకులో ఎర్సీలియా చెయ్యెత్తింది.
"ఆపు. వెనక్కి తిప్పు. అది నా మూకుడు."
"అన్ని వందల గిన్నెల్లో ఎలా పోల్చావు?"
"అడుగు చొట్టపడ్డది కదరా," అంది,
చెవి స్పీకరుకి ఆనించి,
"వినపట్టంలే?"