ఆగస్టు గడ్డి

కోసిన గడ్డి మీద పదకొండు రోజులు వాన.
పన్నెండో రోజు ఎమ్లిన్ నా గుమ్మంలో నిలబడి
"ఇక దీన్ని ఆవులు కూడా ముట్టవు, ఎలినెడ్,
నీ బట్టీకేమైనా పనికొస్తుందేమో చూడు" అన్నాడు,
టోపీ తీసి పిండుకుంటూ.

నా బట్టీ కరెంటుది. గడ్డి తినదు.
ఆ సంగతి అతనికీ తెలుసు.
ఊరికే పారేయడానికి చేతులు రాక తెచ్చాడంతే.

ఆరబెట్టడానికి సెప్టెంబరంతా పట్టింది.
పాత నూనె డ్రమ్ములో కాల్చాను.
ట్రాక్టరు తొట్టి నిండా వచ్చింది
రెండు బకెట్ల బూడిదయింది.
బూడిదలో పోసిన పన్నీరంటారు గానీ
నేను పోసింది వాననీళ్లు,
ఈ వేల్స్ కొండల్లో కొదవలేనిది అదొక్కటే.
పోసి, తేరనిచ్చి, వంచి, మళ్లీ పోసి
ఆరు రోజులు.
పైకి తేలిన నీళ్లు సబ్బులా జారుతూ
చేతితొడుగు చిరుగులోంచి వేలిని కొరికాయి.
జల్లెడలో చివరికి మిగిలినవి
ఒక మేకు, కంచె తీగ ముక్క,
ఎవరిదో చొక్కా గుండీ, సగం కరిగి.

ఇవాళ గ్లేజు వేసే రోజు.
ఈ షెడ్డులో ఒకప్పుడు పాలు పితికేవాళ్లు.
నేలలో ఆ కాలువ ఇంకా ఉంది,
ఏది ఒలికినా అటే నడుస్తుంది.
బల్ల మీద ఇరవై రెండు మగ్గులు,
ఒకసారి కాలినవి, బిస్కెట్ రంగువి,
నాలుక ఆనిస్తే పట్టుకుంటాయి.
తడి స్పాంజితో దుమ్ము తుడిచి
అడుగున మైనం రాశాను.
మైనం మరిస్తే ఏమవుతుందో
బట్టీ అరకి అతుక్కుపోయిన మూడు మగ్గులకి తెలుసు,
వాటిని ఉలితో ఊడదీసిన నా మణికట్టుకి
ఇంకా బాగా తెలుసు.

బకెట్లో గ్లేజు మురికి మజ్జిగలా ఉంది.
కలిపి ఇటు తిరిగేలోపు అడుక్కి దిగి పడుకుంటుంది,
బద్ధకిష్టి మంచం చేరినట్టు.
మళ్లీ లేపాలి.
ముందు లోపల: పోసి, తిప్పి, ఒంపెయ్యడం.
తర్వాత తలకిందులుగా ముంచి
మా అమ్మ నేర్పిన లెక్క, ఈన్, దై, త్రీ.
రెండుకే తీస్తే గరుకు, నాలుగైతే కారుతుంది.
పైకి తీసేసరికి నీళ్లన్నీ మట్టి తాగేసి ఉంటుంది,
సున్నం కొట్టిన గోడలా పొడి మిగులుతుంది.

పదిహేడోది జారి బకెట్లో మునిగింది.
మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను.
ఆ కంగారులో టీ అనుకుని
కుంచెలు కడిగిన డబ్బా ఎత్తాను.
రుచి చెప్పను.

నా వేళ్లు పట్టిన చోట మిగిలిన మచ్చల్ని
కుంచెతో పూడ్చాను.
ఒక్కదానికి పూడ్చలేదు.
మరిచిపోలేదు.

రాత్రి బట్టీ పన్నెండు వందల అరవై దాకా ఎక్కింది.
వంటింటి దీపం రెండుసార్లు మిణుకుమంది.
వంద లోపు దిగేదాకా మూత తియ్యకూడదని
నా దగ్గర నేర్చుకునే వాళ్లకి చెబుతాను.
నూట ముప్ఫైకే తీశాను.

టింగు టింగుమంటూ గాలి పీల్చాయి.
మీగడ తెలుపు,
మందంగా నిలిచిన అడుగున మాత్రం
ఎవరూ వెయ్యని నీలం.
రెండు పగిలాయి. పదిహేడోది బాగుంది.

మచ్చలున్న మగ్గులో ఎమ్లిన్‌కి టీ పోశాను.
అటూ ఇటూ తిప్పి, తాగి, లోపలికి చూసి
"ఇది పైచేనా, ఏటిపక్కదా?" అన్నాడు.
రెండూ కలిపేశానన్నాను.
"ఈ నీలం ఏటిపక్కదే" అన్నాడు,
ఇక వాదించడానికి లేదన్నట్టు.
ఒక్కోటి ఎంతకమ్ముతావన్నాడు.
చెప్పాను.
కనుబొమలు పైకెళ్లి కాసేపు అక్కడే ఉన్నాయి.
"ఎండిన మోపు కన్నా ఎక్కువే"
అంటూ మగ్గు ముందుకు చాపాడు,
మళ్లీ పొయ్యమని.