అంచు విరిగిన ఎల్

మా అచ్చుకూటంలో అట్టడుగు సొరుగు
విథరెల్ వాళ్లది.
తొమ్మిది చెక్క అక్షరాలు, మేపుల్ కర్రవి,
ఒక్కోటీ అరచేయంత.
మా తాత ఒటకార్ డ్రాబెక్ వాటిని
ముప్ఫై రెండులో అప్పు చేసి కొన్నాడు.
చివరి ఎల్ ఆ ఏడే చేయిజారి ఆయన కాలిమీద పడింది.
కాలు బాగైంది.
ఎల్‌కి అంచు పోయింది.

అప్పట్నుంచీ ఈ కౌంటీలో
ఏ కంచె మీద చూసినా, ఏ మంగలిషాపు అద్దం మీద చూసినా
ఎలుక కొరికినట్టుండే ఆ ఎల్లే.
లూషియస్ విథరెల్, షెరీఫ్ పదవికి.
ఆయన కొడుకు హారిస్, స్టేట్ సెనేట్‌కి.
హారిస్ పోతే భార్య విల్లా, మిగిలిన రెండేళ్లకి.
నల్ల సిరా చాలంది, ఎర్రది వద్దంది.
తర్వాత డెక్‌స్టర్, కాంగ్రెస్‌కి,
ఏడుసార్లు.
పై పేరు కూడా మార్చే పనిలేక
ఆ అక్టోబర్లలో మా నాన్న చేపలు పట్టుకోడానికి వెళ్లేవాడు.

పై పేర్లు సీసం అక్షరాలు.
పని కాగానే విప్పి ఎవరి గడిలో వాళ్లని పడేస్తాం.
మర్నాడు హారిస్‌లోని హెచ్
తప్పిపోయిన కుక్క ప్రకటనలో తేలుతుంది.
ఇంటిపేరు మాత్రం విప్పం.
దారం చుట్టి, వరస చెదరకుండా
పసిబిడ్డని పడుకోబెట్టినట్టు సొరుగులో పెడతాం.

గ్రానీ క్రీక్ మీద వంతెన కడతానని లూషియస్ మాటిచ్చాడు.
హారిస్ పునాదిరాయి వేశాడు.
డెక్‌స్టర్ దానికి తాత పేరు పెట్టాడు.
వరదొచ్చినప్పుడు కొట్టుకుపోయింది వంతెనే,
పేరున్న పలక కాదు.
అది ఇంకా ఉంది, గట్టున,
నీళ్లకేసి చూస్తూ.

ప్రతి పోస్టర్ అడుగునా చీమతలంత అక్షరాల్లో
డ్రాబెక్ అని కూడా ఉంటుంది.
అదీ తొంభై ఏళ్లుగా మారలేదు.
దానికి ఎవరూ ఓటెయ్యలేదు, అంతే.

ఈ ఏప్రిల్‌లో ఒక పొద్దున ఎవరెట్ వచ్చాడు,
డెక్‌స్టర్ పెద్దకొడుకు. మూడొందలు కావాలన్నాడు.
కాఫీ తాగాడు. మా అమ్మ మోకాళ్ల గురించి అడిగాడు.
మా అమ్మ పోయి నాలుగేళ్లయింది.

మధ్యాహ్నం టామ్‌సిన్ వచ్చింది,
పోయిన తమ్ముడి కూతురు,
వాగుల్లో నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగం, బూట్లనిండా బురద.
తనకీ మూడొందలు.
అదే పార్టీ, అదే సీటు.
"ఆ చెక్క అక్షరాలే కావాలి," అంది,
"అవి మా నాన్నవి కూడా."

"అవి నావి," అన్నాను.
"అప్పు నలభై ఆరులో తీరింది."
నవ్వలేదు. తర్వాత నవ్వింది.

ఉన్నది ఒక్కటే పేరు.
పొద్దున ఎవరెట్‌కి నీలం సిరాతో కొట్టాను.
కిరసనాయిలు గుడ్డతో తొమ్మిదింటినీ తుడిచి
సాయంత్రం టామ్‌సిన్‌కి ఆకుపచ్చతో.
ఎంత తుడిచినా ఆ విరిగిన అంచులో
పెదనాన్న నీలం కొంచెం దాక్కుంది.
మొదటి పదకొండు కాగితాల మీదా దిగింది.
చించబోయి, ఆగి,
అవి విడిగా దాచాను. ఎందుకో తెలీదు.

శుక్రవారం మిసెస్ ఒడెట్ క్రాంట్జ్ వచ్చింది,
పెళ్లి కార్డులకని చెప్పి, మనవడిదట.
తడి ఆరుతున్న రెండు పోస్టర్ల ముందూ
చేతిసంచి నేలమీద పెట్టి నిలబడింది.
"అరవై ఏళ్లుగా విథరెల్‌కే వేస్తున్నాను.
ఇప్పుడు ఇద్దరూ విథరెలే అయితే ఎలాగ?"
"పేరు చూసి వెయ్యండి," అన్నాను.
"పేరు చూసే కదమ్మా
ఇన్నాళ్లూ వేసింది?"

కళ్లజోడు తీసి, స్వెటర్ అంచుతో తుడిచి,
మళ్లీ పెట్టుకుని,
పై వరసలో ఉన్న చిన్న అక్షరాలని
వేలుపెట్టి, కూడబలుక్కుంటూ
చదవడం మొదలుపెట్టింది.