సిరా దిగని బిళ్ళ

రూపాయి బిళ్ళంత ఉంటుంది. తెల్లగా.
గోటితో కొడితే టింగుమంటుంది,
లోపల చీలి ఉంటే టక్కుమంటుంది.
మైక్రోస్కోపు దాకా పోనక్కర్లేదు,
చెవి దగ్గర పెట్టుకుని బాజీ గారే చెప్పేస్తారు.

పన్నెండేళ్లు కోల్డ్ స్టోరేజీలో
మిరప టిక్కీల మధ్య స్వెట్టరేసుకు తిరిగిన మనిషి.
ఇప్పుడు గుంటూరు ఎండల్లో మా ల్యాబు కొలిమికి కాపలా.
"అక్కడ నాలుగు డిగ్రీలు, ఇక్కడ పద్నాలుగొందల యాభై.
జీతం ఒక్కటే పెరగలా మేడమ్."

జిర్కోనియా పొడి. అందులో ఇట్రియా ఎనిమిది పాళ్లు.
నూరాలి, జల్లించాలి, అచ్చులో పోసి నొక్కాలి,
నిమిషానికి మూడు డిగ్రీలు మించకుండా కాల్చాలి.
తొందరపెడితే అలిగి బీటలిస్తుంది.
ఇట్రియం రెండు వచ్చి కూర్చున్న చోట
ఆక్సిజన్ ఒకటి లేచిపోతుంది.
ఆ లేచిపోయిన చోటే మాకు కావలసింది.

"ఖాళీ కోసమా ఇంత కష్టం?"
నోటిఫికేషన్ల కోసం ఆరేళ్లు చూసినదాన్ని,
ఖాళీ విలువ నాకు తెలుసు గానీ
ఆయనకి బస్సుతో చెప్పాను.

సాయంత్రం విజయవాడ బస్సు, కాలు పెట్టే సందు లేదు.
కాజ దగ్గర ముందు సీట్లో ఒకాయన దిగాడు.
వెనకావిడ ఆ చోటికి జరిగింది,
ఆవిడ చోటికి పూలబుట్ట,
పూలబుట్ట చోటికి నిద్రమత్తులో ఓ కుర్రాడు.
మంగళగిరి వచ్చేసరికి
ఖాళీ వెనక అద్దం దాకా నడిచిపోయింది.
జనం ముందుకొచ్చారు.
బిళ్ళలో ఆక్సిజన్ నడిచేదీ అలాగే.

"మరి ఎలక్ట్రాన్లో?"
వాటిని ఈ బస్సెక్కనివ్వం బాజీ గారూ.
చుట్టూ తీగ మీద తిరిగి రావాలి,
దారిలో పని చేసి రావాలి.
"కండక్టరు లేని బస్సన్నమాట" అన్నారాయన.
నా థీసిస్‌లో ఇంత బాగా రాయలేకపోయాను.

మే పద్దెనిమిది. పదకొండొందల ముప్పై దగ్గర
కరెంటు పోయింది.
కరెంటు పుట్టించాల్సిన వస్తువు
కరెంటు లేక చల్లారుతుంటే నవ్వొచ్చింది.
జనరేటరులో డీజిల్ లేదని
ఇండెంటు పెట్టి నెలైందని గుర్తొచ్చాక రాలేదు.
అర్ధరాత్రి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి,
నిమిషానికి మూడు.

మర్నాడు సాయంత్రం నాలుగు బిళ్ళలు తీశాం.
ఒక్కోదాని మీద ఒక్కో సిరాచుక్క.
మూడింటికి అడుగున నీలం గీత,
వెంట్రుకలో సగం ఉండదు.
ఆ సగంలోంచి హైడ్రోజన్ పారిపోవడానికి ఊరంత దారి.
నాలుగోదాన్ని బాజీ గారు తిరగేశారు.
తెల్లగా.
ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఎనిమిది వందల డిగ్రీలు. ఇటు హైడ్రోజన్,
అటు యార్డు మీంచి వచ్చే గుంటూరు గాలి, ఘాటుతో సహా.
మీటరు ఒకటి పాయింట్ సున్నా నాలుగు.
లోడు పెడితే సున్నా పాయింట్ ఏడుకి దిగి
అక్కడే మొండికేసి కూర్చుంది.
చిన్న ఎల్ఈడీ కూడా వెలగదు దీనికి, అన్నాను,
సంతోషాన్ని కాస్త దాచుకుంటూ.

ఆయన మీటరు వైపు చూడట్లేదు.
గంటన్నర తర్వాత గొట్టం చివర
చల్లబడి వేలాడుతున్న ఒక్క నీటిబొట్టు.
మా బ్లాకుకి ట్యాంకరు రాక మూడో రోజు.

"ఇది కూడా రిజిస్టర్లో రాయాలా మేడమ్?"