రెండు చుట్లు

ముక్తేశ్వరం కాలువ మీద లష్కరుని నేను.
ముప్పై ఒక్క ఏళ్లుగా తూము షట్టర్లు తిప్పుతున్నాను.
నీటి సంఘానికి నలుగురు ప్రెసిడెంట్లు ఎక్కడం చూశాను.
ఎక్కడం ఎవరైనా చూస్తారు, బాజాలుంటాయి.
దిగడం చూడాలంటే
మర్నాడు పొద్దున్న గట్టు మీద ఉండాలి.

కముజు పల్లయ్య గారు ఓడిన మర్నాడు
సంఘం గొడుగు, సంతకాల పెన్ను
తువ్వాల్లో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు.
"కొత్తాయనకిచ్చెయ్. రీఫిల్లు నిన్ననే మార్చాను."
ఆ తర్వాత ఆఫీసు ముందునించి నడవలేదు.
పీచు మిల్లుకి దగ్గర దారి అదే అయినా
పుంత చుట్టూ తిరిగి వెళ్లేవారు,
మోకాళ్ల నెప్పితో, ఏడాది పొడుగునా.
ఎవరైనా బోదె తగువు పట్టుకొస్తే
"నేను దిగినవాణ్ణి బాబూ" అని ఆగిపోయేవారు,
మైల పట్టినవాడు గుడిమెట్ల దగ్గర ఆగినట్టు.

వరదొచ్చిన రాత్రి మాత్రం పిలవకుండానే వచ్చారు.
వరసలో నిలబడి ఇసక బస్తాలందించారు.
గట్టు జారుతుంటే కొత్తాయన వెనక్కి తిరిగి చూశాడు.
పల్లయ్య గారు తన కాళ్లకేసి చూసుకున్నారు.
అప్పుడే కొత్తాయనకి గొంతు వచ్చింది.

ఇవన్నీ ఏ జీవోలో ఉన్నాయని
ఒకసారి ఏఈ గారినడిగాను.
పుస్తకం తిరగేసి తిరగేసి
"ఎలా ఎక్కాలో పదహారు పేజీలుందోయ్,
దిగాక సంగతి రాయలేదు" అన్నారు.

ప్రెసిడెంటు చేను ఆఖర్న తడవాలి.
దిగినాయన మొదటి పంటకి నోరు విప్పకూడదు.
ఇంతే మా కట్టుబాటు.
మొహమాటంతో కట్టిన మట్టిగట్టు.
పీత బొరియ ఒక్కటి చాలు.

ఆ పీత అడబాల చిట్టబ్బాయి గారే అనుకుంటే నాకు తేలిక.
దిగాక కూడా ఆయన కారు మీద ప్రెసిడెంటు అన్న అక్షరాలు
అలాగే ఉన్నాయి. ముందు మాజీ అని చేరింది,
చీమ తలకాయంత.
దాళ్వా వంతుల రోజుల్లో, రాత్రి పదకొండింటికి ఫోను:
"ఒరేయ్, నాలుగో తూము రెండు చుట్లు తిప్పు.
ఎవడడుగుతాడు?"
కుర్చీలో ఉన్న మనిషి మెత్తన. ఎవరూ అడగలేదు.
తిప్పింది చిట్టబ్బాయి గారు కాదు.
గ్రీజు నా అరచేతికే అంటింది.
శివార్లో పెనుమాల రత్నకాంతం గారి ఎకరంన్నర
పొట్ట మీద ఉండగా నెర్రెలిచ్చింది.

ఆ ఎండిన చేనే ఆవిణ్ణి నిలబెట్టిందంటారు.
గెలిచారు. ఉన్నన్నాళ్లూ తన బోదె ఆఖర్నే.
దిగారు.
"ఒక్క ఫోను కొట్టండమ్మా,
దిగాక చిట్టబ్బాయి గారు కొట్టలేదా?" అన్నారు దింపు కూలీలు.
ఆవిడ కొడవలి తుడుచుకుంటూ
"ఆయన దిగలేదు కదా" అన్నారు.

ఈ ఏడు కాలువ నిండా గుర్రపుడెక్క, నీళ్లు సన్నం.
కొత్త కుర్రాడికి శివారంటే పటంలో ఓ గీత.
ఆవిడ వంతు మరిచాడు.
ఆవిడ అవతలి గట్టున నడుస్తున్నారు,
తూము వైపు తల తిప్పకుండా.
చేను మాత్రం నన్నే చూస్తోంది.
పద్ధతి గొప్పదే, కాదనను.
దాని శిస్తు ఎప్పుడూ పాటించినవాళ్లే కడతారేం?

మొన్న రాత్రి ఫోను మోగలేదు.
ఎవరూ చెప్పలేదు.
లేచి వెళ్లి రెండు చుట్లు తిప్పాను.
బోదెలో నీళ్లు పడ్డ చప్పుడుకి
నాకు నేనే ఉలిక్కిపడ్డాను.
పాత తప్పు దిద్దానో, మళ్లీ అదే తప్పు చేశానో,
పల్లయ్య గారుంటే ఎటు చూసేవారో.

పొద్దున్న గేజీ పుస్తకం తెరిచాను.
తారీకు వేశాను. అడుగులు, అంగుళాలు వేశాను.
రాత్రి గడి దగ్గర పెన్ను ఆగింది.
రీఫిల్లు బాగానే ఉంది.