తిరగేసిన సంచి

గట్టుప్పల్ల నీళ్ల మిషిని పెట్టిచ్చింది
బట్టల కంపెనీ.
రిబ్బను కత్తిరిచ్చిన సారు
మా అండాలు చెయ్యి వట్టుకొని ఫోటో దిగిండు.
ఆ చెయ్యి సంగతి ఆయనకేం ఎరుక:
చీరెకు తొమ్మిదివేల తాపలు
ఆసు మీద ఇటుకెళ్లి అటు తిరుగుతది,
రాత్రికి భుజం దాకా లేవదు.

నీళ్లు మంచియే, అబద్ధమెందుకు.
గారపండ్ల పోరగాండ్లు
చల్లగున్నయని మొఖాల మీద చల్లుకున్నరు.

పోయేటప్పుడు తలా ఒక సంచి ఇచ్చిండ్రు.
దాని మీది పువ్వు జూసి
నేను ఆడనే నిలవడ్డ.
మా నాయిన గళ్ల కాయితం మీద గీసిన పువ్వు,
సైకిల్ ట్యూబు ముక్కలతోని
నేను ముడులేసి, అద్దకమద్ది, ఇప్పిన పువ్వు.
మూల మీద ఆయన తప్పువోయిన గడి సుత
అట్లనే ఉన్నది.

"ఈ పువ్వెవరిది సారూ?"
"మా డిజైన్ టీముదమ్మా" అన్నడు, నవ్వుకుంట,
కారెక్కుకుంట.

సంచి తిరగేసి చూసిన.
లోపల తెల్లగ, వట్టిగ.
మా పువ్వు రెండు దిక్కులా పూస్తది;
నూలు లోపలికెళ్లి వస్తది గదా రంగు.

అండాలు ఏమనలే.
తెల్లదిక్కు బయటికి వెట్టి
కండెలు పోసుకున్నది అండ్ల.
పొద్దుగూకక ముందే
ఇంకో ఆసు ఎత్తాలె.